కార్జం ఏ పక్కనుంది?

పరిగిలో పుస్తకం కావాలంటే హిందూపురం పోవాలి. అక్కడ దొరక్కపోతే బెంగళూరు పోవాలి. 2022లో మా జిల్లా మారి పుట్టపర్తి కేంద్రమైంది గానీ, పుస్తకాల విషయంలో మా రాజధాని మాత్రం ఇప్పటికీ బెంగళూరు అవెన్యూ రోడ్డే. అందుకే మా మేనకోడలికి బీఎస్సీ నర్సింగ్‌లో సీటు రాగానే, "మామా, అనాటమీ ఫిజియాలజీకి మంచి పుస్తకం ఏదో చూసి కొనియ్యి" అని ఆ పని నా నెత్తిన పెట్టింది. నా చదువు చూసి కాదు. ఇంట్లో కళ్లద్దాలు పెట్టుకునేవాణ్ని నేనొక్కణ్నే.

డబ్బు పెట్టేది మా బావ. ఆయనది పట్టుపురుగుల సేద్యం. "పురుగులు రెండో జ్వరంలో ఉండాయి. గూళ్లు మార్కెట్లో పడినాక దుడ్లు ఇస్తా. అంతలోపల ఏ పుస్తకమో తేల్చిపెట్టప్పా" అన్నాడు. పురుగు మేత మానేసి, కదలకుండా పడుకుని, పాత చర్మం విడవడాన్ని ఇక్కడ జ్వరం అంటారు. ఆ లెక్కన మా బావ ఫిజియాలజీ ఎప్పుడో పాసయ్యాడు, పురుగుదైతేనేం.

సంగతి ఊళ్లో తెలిసింది. ఒళ్లున్న ప్రతివాడికీ ఒళ్లు గురించి ఒక అభిప్రాయం ఉంటుంది కాబట్టి సలహాలకు కరువు లేకపోయింది. మందుల షాపు కుర్రాడు గైడు చాలన్నాడు. మోకాళ్లనొప్పి పెద్దమనిషి ఒకాయన, మోకాలి గురించి ఎక్కువ పేజీలున్న పుస్తకం తీసుకోమన్నాడు. అందరికంటే గట్టిగా మాట్లాడింది మటన్ కొట్టు భాయ్. కరెంటు పోయినా చేత్తో తడిమి ఏది గుండెకాయో ఏది కార్జమో చెప్పగల మనిషి. "పుస్తకమెందుకు సార్, పాపను ఆదివారం నా దగ్గరికి పంపించండి. పొట్టేలుకీ మనిషికీ తేడా ఏముంది, రేటు తప్ప?" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ, యూరప్ అంతా పదమూడు వందల ఏళ్లకు పైగా భాయ్ మాట మీదే నడిచింది. గేలన్ అనే రోమన్ కాలపు వైద్యుడు కోతుల్నీ పందుల్నీ పశువుల్నీ కోసి చూసి, మనిషీ ఇంతేనని రాసిపెట్టాడు. గొర్రెల మెదడు అడుగున రక్తనాళాల వల ఒకటుంటుంది. అది మనిషికీ ఉందన్నాడు. తరతరాల డాక్టర్లు కళ్లు మూసుకుని దాన్నే వల్లించారు. చివరికి 1543లో వెసేలియస్ మనుషుల శవాలను స్వయంగా కోసి చూసి, ఆ వల మనకు లేదని బొమ్మలతో సహా పెద్ద పుస్తకం వేశాడు. ఈ కథంతా చెప్తే భాయ్ శ్రద్ధగా విని, "అయితే మెదడు ఒక్కటి వదిలేయండి సార్, మిగతాది నేను చెప్తా" అన్నాడు.

ముందుగా గైడే చూశాం. ఏ ఊరిదో, ఎవరు వేసిందో ఎందుకులెండి. అట్ట మీద గుండె బొమ్మ ఎర్రగా మెరిసిపోతోంది. లోపల చూస్తే గుండె కొన బొమ్మలో మనిషికి కుడివైపు తిరిగి ఉంది. అచ్చులో బొమ్మ తిరగబడింది. గుండె కుడివైపున్న మనుషులు లోకంలో లేకపోలేదు. కానీ ఆ గైడు ప్రత్యేకంగా వాళ్ల కోసమే రాసినట్టు లేదు. మా పొరుగున లేపాక్షి గుడిలో భృంగికి మూడు కాళ్లున్నాయి. ఆ మూడో కాలు ఎందుకొచ్చిందో చెప్పడానికి పురాణం ఉంది. ఈ గుండె అటు ఎందుకు తిరిగిందో చెప్పడానికి ఏ పురాణమూ లేదు.

ఇక బెంగళూరే గతి. గూళ్ల దుడ్లు చేతికి రాగానే రైలెక్కాం. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల వ్యాపారి మమ్మల్ని ఎగాదిగా చూసి, "మెడికలా, నర్సింగా, ఫార్మసీయా?" అన్నాడు. పుస్తకం ఎంచుకోవడం గురించి అంతకంటే తెలివైన ప్రశ్న నాకు మళ్లీ వినపడలేదు. నేను మాత్రం దర్జాగా, "అన్నిటికంటే మంచిది తియ్యప్పా" అన్నాను. గ్రేస్ అనాటమీ తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల కొంచెం వంగింది.

1858లో హెన్రీ గ్రే ఆ పుస్తకం వేసినప్పుడు అది 750 పేజీలు, 363 బొమ్మలు. ఇప్పుడు పదిహేను వందల పేజీలు దాటింది. పేరు గ్రేది కానీ బొమ్మలన్నీ గీసింది హెన్రీ వాండైక్ కార్టర్. కార్టర్ చేసిన గొప్ప పని ఒకటుంది. అప్పటి పుస్తకాల్లో చాలావాటిలో బొమ్మ మీద క, ఖ, గ అన్నట్టు గుర్తులు పెట్టి, పేర్లు ఇంకెక్కడో రాసేవాళ్లు. కార్టర్ ప్రతి ఎముక మీదా, ప్రతి నరం పక్కనా దాని పేరే రాశాడు. చదివేవాడి కన్ను బొమ్మ వదిలి పోనక్కర్లేదు. ఇంత చేసినా రాయల్టీ గ్రేకే దక్కింది. కార్టర్‌కు దక్కింది ఒక్కసారి చేతిలో పెట్టిన సొమ్ము. పైగా పుస్తకం మొదటి పేజీలో కార్టర్ పేరును చిన్న అక్షరాల్లో వేయమని గ్రే పట్టుబట్టాడు. కార్టర్ మాత్రం అదే ఏడు ఓడెక్కి బొంబాయి వచ్చి, గ్రాంట్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాడు. గ్రే 1861లో మశూచితో పోయాడు. నాకు కార్టర్ మీదే అభిమానం. అయినా ఆ పుస్తకం కొనలేదు. "మామా, దీన్ని హాస్టల్ మూడో అంతస్తుకు ఎత్తాలంటే ఇద్దురు కావల్ల" అంది మేనకోడలు.

తరవాత గైటన్ ఫిజియాలజీ. ఆర్థర్ గైటన్ గుండె సర్జన్ కావాలనుకున్నాడు. 1946లో పోలియో వచ్చి ఆ దారి మూసుకుపోయింది. పాఠాలు చెప్పే దారి పట్టి 1956లో ఈ పుస్తకం తెచ్చాడు. ఆయన పిల్లలు పదిమందీ డాక్టర్లే. ఆ మాట విన్న మా మేనకోడలు, "పాపం, ఆ ఇంట్లో టీవీ లేదేమో" అంది.

పుస్తకాన్ని పరీక్షించే పద్ధతి అక్కడే నిలబడి కనిపెట్టాం. ఏ పుస్తకమైనా సరే మూత్రపిండం దగ్గర తెరవడం, రెండు పేజీలు చదవడం, మూసేసి నాకు మన మాటల్లో చెప్పడం. గైటన్ దగ్గర కాసేపటికి మేనకోడలికి చెమట పట్టింది. రాస్ అండ్ విల్సన్ దగ్గర గడగడా చెప్పేసింది. మూత్రపిండాల జంట రోజుకు దాదాపు 180 లీటర్లు వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రం బయటికి వదిలి, మిగతాదంతా ఒంట్లోకే తిరిగి తీసుకుంటుందట. "అనంతపురం జిల్లాలో పుట్టినట్టుంది మామా, చుక్క నీళ్లు వదలదు" అంది. జానెట్ రాస్, కాథ్లీన్ విల్సన్ 1963లో నర్సుల కోసమే రాసిన పుస్తకమది. ఒంట్లో ప్రతి భాగం ఎట్లా పనిచేస్తుందో చెప్పిన వెంటనే, అది చెడితే ఏ జబ్బు వస్తుందో కూడా చెప్తుంది.

గ్వాలియర్ మెడికల్ కాలేజీ మేష్టారు బి.డి. చౌరాసియా పుస్తకం కూడా ఒక భాగం తీసుకున్నాం. అది 1979 నుంచీ వస్తోంది. అందులో బొమ్మలు అందంగా ఉండవు, గీయడానికి వీలుగా ఉంటాయి. పరీక్షలో చెయ్యాల్సింది అదే కదా. అది పాత ఎడిషనే కొన్నాం. ఎముకలు 206, వాటికి ఏటేటా కొత్త ఎడిషన్ రాదు. ఫిజియాలజీ మాత్రం కొత్తదే కావాలి, అది మారుతూ ఉంటుంది.

ఇంటికి తెచ్చాక అసలు పరీక్ష మా అవ్వ పెట్టింది. పొట్ట బొమ్మ చూసి, "కార్జం ఎడమపక్కకు పెట్టినారే, నాకు కుడిపక్క అని డాక్టరు చెప్పినాడు" అంది. నేను గొంతు సవరించుకునే లోపలే మేనకోడలు పుస్తకాన్ని తన పొట్టకు ఆనించుకుని అవ్వ ఎదురుగా నిలబడింది. "ఇప్పుడు చూడవ్వా. బొమ్మలో మనిషి నీకు ఎదురుగా ఉన్నాడు. ఆయప్ప కుడి నీకు ఎడమ." అవ్వ కాసేపు చూసి తలూపింది. ఈ ముక్క మొదటి పేజీల్లోనే స్పష్టంగా చెప్పని పుస్తకాన్ని నర్సు చేతికి ఇవ్వకూడదు. సూది వేసేది పుస్తకానికి కాదు, ఎదురుగా ఉన్న మనిషికి.

నా తీర్పు అడిగితే ఇది. నర్సింగ్‌కు రాస్ అండ్ విల్సన్ కొనండి, బొమ్మలకు పాత చౌరాసియా పక్కన పెట్టుకోండి. గైటన్‌ను కాలేజీ లైబ్రరీలో చదవండి, గ్రేను అక్కడే చూసి దండం పెట్టి రండి. చౌరాసియా రెండో భాగం మాత్రం మాకింకా అందలేదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వికారాబాద్ జిల్లా పరిగికి పోయింది, తిరిగి రాలేదు. మీ ఇంట్లో పాతది ఉంటే పంపండి. చిరిగినా పర్వాలేదు. అడ్రసులో మాత్రం పరిగి పక్కన హిందూపురం అని పెద్ద అక్షరాలతో రాయండి.