బామ్మర్ది కొటేషన్

ఉద్యోగమంతా ఒక పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ సెక్రటేరియల్ విభాగంలో చేసినవాణ్ణి. ఏప్రిల్ వస్తే డైరెక్టర్ల వెంటపడి ఎంబీపీ-1 ఫారాల మీద సంతకాలు పెట్టించేవాణ్ణి. ఎవరికి ఏ సంస్థలో వాటా ఉందో అందులో రాసివ్వాలి. తన లాభం ముడిపడిన ఒప్పందం బోర్డు ముందుకొస్తే ఆ డైరెక్టరు సంగతి బయటపెట్టి చర్చకు దూరంగా ఉండాలంటుంది 2013 కంపెనీల చట్టం 184వ సెక్షన్. కొత్తగా చేరిన పిల్లలకి సత్యం కంప్యూటర్స్ కథ చెప్పేవాణ్ణి. 2008 డిసెంబరు 16న, హార్వర్డ్ ప్రొఫెసరు, మాజీ కేబినెట్ కార్యదర్శి లాంటి వాళ్లున్న బోర్డు, కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు కొడుకులు నడిపే రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి తలూపింది. మదుపరులు మండిపడేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గింది. "అంత చదివినవాళ్లకి అడగాలని తోచలేదా!" అని చివర్లో నా నిట్టూర్పు.

రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీనయ్యాను. బిల్డింగుకి బయట రంగులేయించాలి. మా బామ్మర్ది చేసేది అదే కాంట్రాక్టు. కొటేషన్లు మూడు తెప్పించాను. మిగతా రెండూ చూసి వాడికి ఫోన్ చేసి, "ఇంకాస్త తగ్గించరా" అన్నాను. అసోసియేషన్‌కి డబ్బు మిగులుస్తున్నానని నిజంగానే మురిసిపోయాను!

మనసు ఓ మూల పీకింది. దాన్ని చట్టంతో జోకొట్టాను. కంపెనీల చట్టం చెప్పే బంధువుల జాబితాలో అన్నదమ్ములున్నారు, అక్కచెల్లెళ్లున్నారు, కోడలూ అల్లుడూ ఉన్నారు, బామ్మర్ది మాత్రం లేడు. తమాషా ఏమిటంటే, పాత 1956 చట్టం జాబితాలో అక్క మొగుడు ఉండేవాడు. ఆ లెక్కన వాడికి నేను బంధువుని, నాకు వాడు కాడు.

అయినా పెద్దమనిషిని కదా, కమిటీ మీటింగులో "ఈయన మా ఆవిడ తమ్ముడు, అందుకని ఓటింగప్పుడు నేనుండను" అని ప్రకటించి లేచి వెళ్లాను. వెళ్లింది మా వంటింట్లోకి. మీటింగు మా హాల్లోనే. అందరి చేతుల్లో ఉల్లిపాయ పకోడీలు, వేయించింది కాంట్రాక్టరు అక్కగారు. పైగా మాది ఓపెన్ కిచెన్. తీర్మానం ఏకగ్రీవం. "సెక్రటరీ చర్చలో పాల్గొనలేదు" అని మినిట్స్ పుస్తకంలో నా దస్తూరీతోనే రాసుకున్నాను.

ఓటింగుకైతే లేచి వెళ్లాను గానీ, పని చూసేటప్పుడు వెళ్లలేదు. అసలు కథ అక్కడుంది. వానలు పడగానే ఉత్తరం గోడ బుడగలెత్తింది. నిమ్ము ఆరకుండా, పాత రంగు సరిగా గోకకుండా పైపైన ప్రైమర్ కొట్టేశారు. వేరే కాంట్రాక్టరైతే ట్రెజరరు గొంతు మీద కూర్చునేవాడు. ఇప్పుడేమో, "మీవాడే కదా సార్, మీరే ఓ మాట చెప్పండి" అన్నాడు. మావాడికి చెబితే, "రేటు తగ్గించమంది నువ్వే కదా బావా, ఆ రేటుకి ఆ పనే వస్తుంది" అన్నాడు. బాకీ ఆపుదామంటే ఇంట్లో ముఖాలు మాడాయి. ఆఖరి బిల్లు మీద సంతకం పెట్టేశాను. ఏ కమిటీ సభ్యుడూ కిక్కురుమనలేదు. పకోడీలు తిన్న మొహమాటం చిన్నదేం కాదు.

జనరల్ బాడీలో రిటైర్డ్ టీచరొకావిడ మెత్తగా అడిగారు: "కొటేషన్లు మూడూ ముందుగా చూసిందెవరు బాబూ?" సెక్షన్ల నంబర్లన్నీ తెలిసిన నోరు పెగల్లేదు.

కమిటీ మారింది. ఆ గోడ మళ్లీ చేయించారు, కార్పస్ ఫండ్ తీసి. ఇకమీదట కమిటీ సభ్యులంతా ఏటా ఒక డిక్లరేషన్ ఇవ్వాలని తీర్మానించి, అనుభవం ఉంది కదా అని దాన్ని రాయడం నాకే అప్పగించారు. వెటకారమో, నమ్మకమో నేను అడగలేదు. బామ్మర్ది, తోడల్లుడు, వియ్యంకుడు, వదినగారి అల్లుడు, ఎవరినీ వదలకుండా రాసిచ్చాను. కొటేషన్లు తెరిచేటప్పుడూ, పని చూసేటప్పుడూ, బిల్లు పాస్ చేసేటప్పుడూ సంబంధమున్నవాడు ఆ దరిదాపుల్లో ఉండకూడదనీ కలిపాను.

కొత్త ట్రెజరరు చదివి కళ్లజోడు తీశాడు. "ఇలాగైతే కమిటీలోకి వచ్చేదెవరు సార్?" అన్నాడు.