కృష్ణకుండ శాస్త్రం

ఏ శాస్త్రానికైనా ముందు అధికారి ఎవరో తేలాలి. చిన్న ట్రావెల్ ట్రైలర్ పొట్ట కింద ఉండే మురుగు ట్యాంకుల్ని ఖాళీ చెయ్యడానికి అధికారి ఎవరు? మన దేశంలో ఈ ప్రశ్న పుట్టకముందే జవాబు చెప్పేశాం. తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన గంప పెట్టి, మనం ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నాం. అది కూడదని 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం చేసుకోవలసి వచ్చింది. అమెరికా క్యాంప్‌గ్రౌండ్‌లో ఆ వెసులుబాటు లేదు. డాలస్‌లో ఎంత పెద్ద ఆర్కిటెక్టయినా, బండి ఎవరిదో అధికారి వాడే. తొడుగులు ఒక జత ఉంటే దీక్ష పూర్తయినట్టే.

ఇక విషయం. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు, సింకూ షవరూ కలిసి పోయేది గ్రే ట్యాంకు. మంచినీళ్ల ట్యాంకు వేరే ఉంటుంది గానీ, అది మడి కట్టుకున్నది, దాన్ని ఇక్కడ తలవకూడదు. పదిహేను గ్యాలన్ల బ్లాక్ ట్యాంకు నిండితే సుమారు 57 లీటర్లు, అంటే 57 కిలోలు. ఇంట్లో ఇంకో మనిషిని ఎక్కించుకుని తిరుగుతున్నట్టే, పైగా ఆ మనిషికి మన గుట్టంతా తెలుసు.

మొదటి సూత్రం: రిక్తే జలం దేయమ్. ఖాళీ చెయ్యగానే కాసిని నీళ్లు పొయ్యాలని భావం. దీన్ని కాదన్నవారి కథ ఇలా ఉంటుంది. సైటు దగ్గరే మురుగు గొట్టం దొరికింది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తారు, వచ్చింది వచ్చినట్టు పోతుందని ధీమా. పోయేది ద్రవమే. మిగిలింది టాయిలెట్ గొట్టం కింద ఒద్దికగా పేరుకుని పుట్టవుతుంది. నాగుల చవితి పుట్ట గుప్పెడు పాలకు శాంతిస్తుంది, ఇది సీసాలకొద్దీ నీలి మందు తాగినా కదలదు. ఐసు ముక్కలు పోసి బండి నడిపితే అవే తోమేస్తాయని ఒక పూర్వపక్షం ఉంది. ఐసు నీళ్లలో తేలుతుంది, పుట్ట అడుగున ఉంటుంది. ఖండన ఇంతటితో సమాప్తం. కాబట్టి వాల్వు మూసే ఉంచాలి, మూడింట రెండు వంతులైనా నిండాక ఒక్కసారిగా వదలాలి. వేగంగా పోయే నీళ్లే పుట్టనీ మోసుకుపోతాయి.

పుట్టకు ముడిసరుకు కాగితం. ఏ కాగితం వాడొచ్చో తేల్చడానికి పరీక్ష సులువు: ఒక ముక్కను సీసాడు నీళ్లలో వేసి గిలకరించాలి. విచ్చిపోతే సాధువు, ముద్దగా తేలితే అసాధువు. మెత్తగా, మందంగా, పువ్వుల అచ్చుతో వచ్చేవి దాదాపు అన్నీ ఇక్కడే తప్పుతాయి. మనవాళ్లు చెంబు సంప్రదాయీకులు గనుక ఈ పరీక్షకే కూర్చోరు, ట్యాంకు వాళ్లను మనసారా దీవిస్తుంది. కానీ చెంబుతో పోస్తే నిండడం కూడా తొందరే. నలుగురున్న ఇంట్లో రెండు రోజులు గడిచాయో లేదో, ఎంత నిండిందన్న చర్చ మొదలవుతుంది.

ఆ చర్చకు ప్రమాణాలు మూడు. మొదటిది ఆప్తవాక్యం, అంటే గోడ మీది లైట్ల ప్యానెల్. ట్యాంకు గోడలోని సెన్సరు మేకులకు కాగితం అంటుకుపోతుంది, ఆ తరవాత ఖాళీ ట్యాంకును కూడా అది ‘మూడింట రెండు’ అనే అంటుంది. రెండోది అనుమానం: టాయిలెట్ పెడలు తొక్కినప్పుడు గుడగుడమని బుడగలొస్తే నిండుతోందని ఊహించాలి. మూడోది ప్రత్యక్షం: టార్చిలైటు వేసి లోపలికి చూడటం. నైయాయికులు ప్రత్యక్షానికే పెద్దపీట వేశారు, వాళ్లకు ట్రైలర్ లేదు. ఒక్క హెచ్చరిక: కప్పు మీది ఫ్యాను తిరుగుతుండగా పెడలు తొక్కరాదు. ఫ్యాను బయటికి లాగే గాలికి బదులు గాలి ట్యాంకులోంచే వస్తుంది.

రెండో సూత్రం: ఆదౌ కృష్ణం, తతో ధూసరమ్. ముందు బ్లాక్, తరవాత గ్రే. మూడంగుళాల గొట్టంలో నల్లది పోయాక, సబ్బు నీళ్లు వచ్చి అదే గొట్టాన్ని కడుగుతాయి. గొట్టం చెవులు బండి కొక్కేల్లో పూర్తిగా తిరిగి బిగిశాయో లేదో చూడకుండా వాల్వు లాగినవాడి గతి కావాలంటే 2006లో వచ్చిన ‘ఆర్‌వీ’ సినిమాలో రాబిన్ విలియమ్స్‌ను చూడండి.

లోకం నల్లదాన్ని చూసి భయపడుతుంది గానీ, అసలు కంపు గ్రేది. మన వంట దగ్గర మరీను. గంజి, పోపు నూనె, పులుసు అడుగు, కరివేపాకు రెబ్బ, అన్నీ సింకులోనే. వీటన్నిటినీ సహించవచ్చు, ఆవగింజను మాత్రం కాదు. వాల్వు అంటే గాడిలో జారే పలచని పలక. పోపులోంచి తప్పించుకున్న ఒక్క ఆవగింజ ఆ గాడిలో కూర్చుందా, పలక వెంట్రుకవాసి ఎడంగా ఆగిపోతుంది. వాల్వు మూసే ఉందనుకుంటాం, రాత్రంతా బొట్టుబొట్టుగా కారి గొట్టంలో నిలిచి, మర్నాడు మూత తిప్పగానే బూట్లమీద పడుతుంది. అందుకే సింకుకు జల్లెడ, కంచాలు కడిగేముందు కాగితంతో తుడవడం, మూత తీసేటప్పుడు కింద బకెట్టు.

ప్రాయశ్చిత్త కాండలో మాత్రం శాస్త్రం తడబడుతుంది. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జి డంప్ స్టేషన్ దగ్గర అల్లుడు తొడుగులు విప్పి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు. చుట్టపుచూపుగా గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. “తలకు పోసుకోందే ఎక్కకండి బాబూ.” పోసుకుంటే ఇప్పుడే ఖాళీ అయిన గ్రేలోకి ఆ నీళ్లన్నీ మళ్లీ చేరతాయి, మళ్లీ గొట్టం పట్టాలి, మళ్లీ మైల. కాసేపు వాదం నడిచాక పసుపు నీళ్లు చల్లుకుంటే చాలని రాజీ కుదిరింది. మిగిలిన పసుపు నీళ్లు సింకులో పొయ్యొద్దండీ అని అల్లుడు రెండుసార్లు చెప్పాడు.