ఒళ్లు అలవకుండా ట్రైలర్ లాగడం ఎలా?

అమెరికాలో మనవాళ్లు ఇల్లు మారేటప్పుడు పడే హైరానా చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ప్రాజెక్టు మారింది. షికాగో నుంచి అట్లాంటాకు సుమారు 700 మైళ్లు. సోమవారం పొద్దున్నే కొత్త ఆఫీసులో కనిపించాలి. మూవర్లను పిలిస్తే వేలల్లో అడుగుతారు కాబట్టి ఉన్న కారుకే యూహాల్ అద్దె ట్రైలర్ ఒకటి తగిలించుకుంటారు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత మొదలవుతుంది అసలు యాతన: మాన్యువల్ చదవడం, బరువులు కూడడం, చైన్లు సరిచూడడం, ఆగిన చోటల్లా దిగి చక్రాలు తడమడం. ఇంత అక్కర్లేదు. కింద చెప్పినట్టు చెయ్యండి. సగం పని అసలు ఉండదు, మిగతా సగం వేరేవాళ్లు చేసిపెడతారు.

1. కారు మాన్యువల్‌ను గ్లవ్ బాక్సులోనే నిద్రపోనివ్వండి. మీ కారు ఎంత లాగగలదో అందులో రాసి ఉంటుంది. కామ్రీల్లో చాలావాటికి 1,000 పౌండ్లు, సియెన్నాల్లో చాలావాటికి 3,500 పౌండ్లు. సామాను బరువుతో పాటు ట్రైలర్ సొంత బరువు కూడా ఆ అంకెలోనే ఇమడాలట. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న మూత ట్రైలర్ ఖాళీగానే 900 పౌండ్ల దాకా తూగుతుంది. ఈ లెక్కన కామ్రీవాళ్లు దుప్పట్లు, తలగడలు మాత్రమే తీసుకెళ్లాలి. చదివితే మిగిలేది ఇలాంటి నిరుత్సాహమే. గేరు వేస్తే కారు కదిలిందా? కదిలితే లాగుతున్నట్టే.

అద్దె కౌంటర్లో 'ఏ బండితో లాగుతారు' అని అడుగుతారు. హైలాండర్ ఉన్న స్నేహితుణ్ణి బతిమాలి అతని బండితో వెళ్లండి. కౌంటర్‌వాళ్లు బండి వెనక ట్రైలర్ తగిలించే హిచ్ చూసి, లైట్లు చూసి, ట్రైలర్ తగిలించి, సంతకం పెట్టించుకుని పంపిస్తారు. నాలుగు వీధులు దాటాక ఏదైనా పార్కింగ్ లాట్‌లో ట్రైలర్ విప్పి మీ కామ్రీకి కట్టుకోండి. తనిఖీ ఎలాగూ అయిపోయింది. అయిన పని మళ్లీ చేయడం తెలివైనవాళ్ల లక్షణం కాదు.

2. బాల్ సైజు గురించి బుర్ర పాడుచేసుకోకండి. హిచ్ మీద ఉండే ఇనుప గుండునే బాల్ అంటారు. 1⅞ అంగుళాలు, 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు అని మూడు సైజులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. సైజు దాని నెత్తినే చెక్కి ఉంటుంది. బాల్ మీద బోర్లించే ట్రైలర్ మూతి కప్లర్. రెండంగుళాల కప్లర్ 1⅞ బాల్ మీద హాయిగా కూర్చుంటుంది, లాచ్ కూడా పడుతుంది. తేడా అంగుళంలో ఎనిమిదో వంతేగా! అనుమానం మనుషులు కొందరు లాచ్ వేశాక ట్రైలర్ మూతిని జాకీతో పైకెత్తి, దానితో పాటు కారు వెనక భాగం కూడా లేస్తోందా లేదా అని చూస్తారు. మీరు ఆ పని చెయ్యకండి. చేస్తే ఊడి చేతికొస్తుంది, కొత్త బాల్ కోసం షాపుకు పరుగెత్తాలి.

3. సేఫ్టీ చైన్లు రెండుంటాయి. ఒకటి తగిలిస్తే చాలు. రెండింటినీ ట్రైలర్ మూతి కింద ఇంటూ గుర్తులా దాటించి వేస్తే, కప్లర్ ఊడినా మూతి రోడ్డు మీద పడకుండా వాటి మీద ఆగుతుందని చెబుతారు. బయల్దేరే ముందు ఊడిపోయే మాటలేమిటి, అపశకునం! వంగితే నడుము పట్టేస్తుంది. రెండో చైన్‌ను అలాగే వదిలెయ్యండి. రోడ్డు మీద ఈడ్చుకొస్తూ నిప్పురవ్వలు రాలుస్తుంది, రాత్రిపూట వెనకవాళ్లకు మీ ఉనికి తెలుస్తుంది.

4. అందువల్ల లైట్ల ప్లగ్గు కూడా అంత ముఖ్యం కాదు. నాలుగు పిన్నులు, నాలుగు తీగలు: తెల్లది గ్రౌండు, గోధుమ రంగుది టెయిల్ లైట్లు, పసుపుది ఎడమ, ఆకుపచ్చది కుడి. పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే బ్రేకు తొక్కడానికి ఒకరు, వెనక నిలబడి చూడడానికి ఒకరు కావాలి. ఇద్దరి పని అంటేనే అది మానెయ్యాల్సిన పని. పోలీసు ఆపితే "ఇందాకటిదాకా వెలిగాయి ఆఫీసర్" అనండి. ఈ ఒక్క వాక్యం ముందే సాధన చేసి ఉంచుకోండి.

5. ఇప్పుడు సామాను ఎక్కించడం. అసలు తెలివి చూపించాల్సింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అద్దె ట్రైలర్ లోపల గోడ మీద ఒక గీత కనిపిస్తుంది. బరువులో 60 శాతం ఆ గీతకు ముందు వైపే, అంటే కారు దగ్గర, ఉండాలని దాని అర్థం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడితే ట్రైలర్ నిలకడగా వెంట వస్తుందని, అంతకన్నా తగ్గితే తోక ఊపుతుందని దీని వెనకున్న లెక్క. ఈ గీత గీసినవాళ్లు జన్మలో వెట్ గ్రైండర్ మోసి ఉండరు.

ముందు ఎక్కించింది లోపలికి పోతుంది, చివర ఎక్కించింది తలుపు దగ్గర ఉంటుంది, దిగేటప్పుడు అదే ముందు దిగుతుంది. అట్లాంటా చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండదు కదా, బరువైనవి తలుపు దగ్గరే ఉంటే మంచిదా కాదా? అందుకని పరుపులు, దుప్పట్లు, ప్లాస్టిక్ డబ్బాలు, దేవుడి పటాలు లోపలికి తోసెయ్యండి. ట్రెడ్‌మిల్లు, గ్రైండర్, పుస్తకాల పెట్టెలు, సోనా మసూరి బస్తాలు తలుపుకు ఆనించి పెట్టండి. తాళ్లతో కట్టకండి. కట్టినవి మళ్లీ విప్పాలి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అవే సర్దుకుంటాయి. ఆవకాయ జాడీ అన్నిటికన్నా పైన ఉండాలి, దారిలో పెరుగన్నంలోకి కావాల్సొస్తుంది.

బిర్యానీ పెడతానని వాట్సాప్ గ్రూపులో పెడితే నలుగురు స్నేహితులు వస్తారు. వాళ్లలో ఒకడు తప్పకుండా "బరువు ముందు పెట్టరా, తర్వాత ఊగుతుంది" అంటాడు. బిర్యానీ తెచ్చే పని వాడికే అప్పగించండి. వాడు తిరిగొచ్చేలోగా తలుపు మూసెయ్యండి.

6. టైర్లను కాలితో ఒక్క తన్ను తన్నితే చాలు. గాలి కొలవడానికి గేజి కావాలి, గేజి వెతకాలి. ట్రైలర్ టైరు మీద ఎస్.టి. అనే అక్షరాలుంటాయని, వాటిలో చాలా రకాలు గంటకు 65 మైళ్లకు మించిన వేగానికి తయారైనవి కావని, చక్రం విప్పి బిగిస్తే మొదటి 50 మైళ్ల తర్వాత నట్లు మళ్లీ బిగించాలని చెప్పేవాళ్లుంటారు. వాళ్లకు వేరే పనిలేదు.

7. పెట్టెలు కదులుతాయని దిగులుగా ఉంటే బావమరిదిని ట్రైలర్ లోపల కూర్చోబెట్టండి. చాలా రాష్ట్రాల చట్టం ఒప్పుకోదు. తలుపు బయటినుంచి మూసి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించడు.

8. వేగం. అద్దె ట్రైలర్ మీద 55 మైళ్లు మించొద్దని స్టిక్కర్ ఉంటుంది. కాలిఫోర్నియాలోనైతే ట్రైలర్ లాగే ఏ బండికైనా 55 మించకూడదని చట్టమే ఉంది. మీరు వెళ్తున్నది కాలిఫోర్నియా కాదు. ఇండియానాలో ఇంటర్‌స్టేట్ పక్కన పెద్ద అక్షరాలతో 70 అని రాసి ఉంటుంది. స్టిక్కర్ చిన్నది, బోర్డు పెద్దది. పెద్దవాళ్ల మాట వినండి. ముందున్న బండికి మామూలుగా వదిలేంత దూరం కూడా వదలకండి. ఎక్కువ వదిలితే మధ్యలోకి ఇంకొకడు దూరతాడు.

ఈ వేగంలో పక్కనుంచి పెద్ద లారీ దాటగానే గాలి తాకిడికి ట్రైలర్ ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగుతుంది. బరువు తలుపు దగ్గర పెట్టిన ఫలితం ఇప్పుడు బాగా తెలుస్తుంది: ఊపు తగ్గకుండా పెరుగుతూ పోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ కదపకుండా తిన్నగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గేదాకా ఓపిక పట్టమంటారు అనుభవజ్ఞులు. అంత ఓపిక ఎవరికుంది! ట్రైలర్ ఎడమకు పోతే స్టీరింగ్ కుడికి, కుడికి పోతే ఎడమకు గట్టిగా తిప్పండి. అప్పటికీ లొంగకపోతే బ్రేకు అడుక్కంటా తొక్కెయ్యండి. కారు ఆగబోతుంది, ట్రైలర్ ఆగదు. వెనకనుంచి తోసి కారును అడ్డం తిప్పేస్తుంది. నడుం విరిగినట్టు రెండూ మడత పడి రోడ్డుకు అడ్డంగా నిలుస్తాయి. ఇంతకంటే త్వరగా ఆగే పద్ధతి లేదు.

9. ఒకవేళ ఇంకా రోడ్డు మీదే ఉంటే, నాష్‌విల్ దాటాక ఐ-24 మీద మాంట్‌ఈగిల్ కొండ దిగాలి. అందరూ చిన్న గేరులో దిగుతారు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుందని. మీరు న్యూట్రల్‌లో పెట్టండి, గ్యాస్ మిగులుతుంది. కాలు బ్రేకు మీదే ఉంచండి. కాలిన వాసన వస్తే పక్క లారీదేనని అనుకోండి. బ్రేకులు పోయిన లారీల కోసం ఆ దిగుడు పక్కన ఎక్కుడు దారులు కట్టి ఉంచారు. అంత ఏర్పాటు చేశాక మనకెందుకు దిగులు?

10. వెనక్కి నడపడం నేర్చుకోకండి. స్టీరింగ్ అడుగు భాగం పట్టుకుంటే చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ అటే పోతుందట. ఖాళీ లాట్‌లో గంటసేపు సాధన చేస్తే వస్తుందట. గంటసేపు! గ్యాస్ స్టేషన్లో ఇరుక్కుంటే తల పట్టుకుని కూర్చోండి, ఎవరో ఒక లారీ డ్రైవరు జాలిపడి తీసిపెడతాడు.

11. సాకులు. పోలీసుకు: "ఈ దేశానికి కొత్త." అద్దె కంపెనీకి: "మీరే తగిలించారు కదా." ఇంటావిడకు: "గూగుల్ ఇటే రమ్మంది." ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడి నోరు నొప్పి చేసుకోవద్దు. ట్రైలర్‌లోని సామానుకు కారు పాలసీ మామూలుగా వర్తించదు, కాబట్టి నింపాల్సిన ఫారం కూడా ఒకటి తగ్గింది. ఒప్పందంలో రాసిన బండి ఒకటి, లాగిన బండి ఇంకొకటి గనక కంపెనీ రక్షణ కూడా ఉండదు. ఆ కాగితాలూ దాచుకోనక్కర్లేదు.

ఇవన్నీ పాటించినవాళ్లు చివరి మైళ్లు డ్రైవ్ చెయ్యరు. టో ట్రక్కు వస్తుంది, కారును అదే మోసుకుపోతుంది. ట్రైలర్ తిరిగి అప్పగించే బాధ లేదు, దాన్ని వేరే ట్రక్కు తీసుకెళుతుంది. గ్రైండర్, ట్రెడ్‌మిల్లు, బియ్యం రోడ్డువాళ్లే పారలతో పక్కకు తీస్తారు. మూడో అంతస్తుకు మోసే పనే లేదు, కొత్త ఇంట్లో సర్దడానికి ఏమీ మిగలదు. సోమవారం ఆఫీసుకు వెళ్లనవసరం లేదని డాక్టరే రాసిస్తాడు.

ఈ శనివారం ఇల్లు మారుతున్నవాళ్లు దీన్ని ప్రింట్ తీసి డాష్‌బోర్డు మీద అంటించుకోండి. బావమరిదికి కూడా ఒక కాపీ ఇవ్వండి.