అభిప్రాయ పాఠకుడు

పుస్తకం చదివాక అభిప్రాయానికి వచ్చేవాడు మామూలు పాఠకుడు. అభిప్రాయం ముందే సిద్ధం చేసుకుని, దానికి సరిపడే పుస్తకం కోసం తిరిగేవాడు అభిప్రాయ పాఠకుడు. ఈ రెండో రకం తెలుగునాట బ్యాంకుల్లో, కాలేజీ స్టాఫ్ రూముల్లో, రిటైరైనవాళ్ళు కూర్చునే పార్కు బెంచీల మీద విరివిగా కనిపిస్తుంది. డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో, మామూలు ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గుంపులు కడుతుంది.

గుర్తుపట్టడం తేలిక. పుస్తకం చేతికి రాగానే తిరగేసి వెనక అట్ట చూస్తాడు. తర్వాత ధర, ఆ తర్వాత పేజీలు. మనసులోనే భాగహారం చేసి "పేజీకి రూపాయి పైనే పడుతోంది" అంటాడు. అతని సాహిత్య విమర్శ ఇక్కడ మొదలవుతుంది. చాలాసార్లు ఇక్కడే ముగుస్తుంది కూడా. ముందుమాటను మాత్రం పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ భక్తిగా చదువుతాడు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కి చలం ‘యోగ్యతాపత్రం’ రాసి ఈ జాతికి చేసిన మేలు అంతా ఇంతా కాదు. కవితల దాకా వెళ్ళకుండానే కవిత్వం మీద అరగంట మాట్లాడే వీలు కలిగింది.

నవలల్లో అతనికి లావుపాటివంటే గౌరవం. ‘వేయిపడగలు’ గుమ్మంలోంచి చూస్తే కనపడే అరలో ఉంటుంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని విశ్వనాథ ‘వేయిపడగలు’కీ, అడివి బాపిరాజు ‘నారాయణరావు’కీ కలిపి పంచారన్న సంగతి అతనికి కంఠతా వచ్చు. అది పెద్ద ఆయుధం. ఎదుటివాడు విశ్వనాథను మెచ్చుకుంటే "ముందు నారాయణరావు చదవండి" అంటాడు, బాపిరాజును మెచ్చుకుంటే "వేయిపడగలు చదవకుండా ఎలాగండీ" అంటాడు. రెండూ చదివినవాడు తగిలినప్పుడు మంచినీళ్ళ కోసం లేస్తాడు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ అతని దగ్గర పేరు నిలబెట్టుకుంది. ఏళ్ళ తరబడి చివరకు అదే మిగిలిపోతోంది. గుర్తుకోసం పెట్టిన బస్సు టికెట్ నలభయ్యో పేజీ దగ్గర ఉంటుంది. టికెట్ మీద చార్జీ చూస్తే ఎన్నేళ్ళ కిందట ఆగిపోయాడో లెక్క కట్టవచ్చు.

శ్రీరమణ ‘మిథునం’ కథను బాపు స్వహస్తంతో రాసిన ప్రతి చూపిస్తే "ఆహా, ఏం దస్తూరీ!" అంటాడు. కథ ఎలా ఉందంటే, 2012లో భరణి తీసిన సినిమా చూశానంటాడు. కవిత్వం దగ్గర అతనికి రెండే ప్రశ్నలు. వచన కవితైతే "ఇంతోటిదానికి వచనంగానే రాయొచ్చుగా?" పద్యమైతే "కాస్త అర్థమయ్యేలా రాయొచ్చుగా?" యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’లో మూడో మెట్టు మీద కూర్చుండిపోయాడు. అనువాదం ఏదైనా "మూలంలో ఇంకా బాగుంటుంది" అంటాడు; ఆ మూలం రష్యన్‌లో ఉన్నా సరే. అలెక్స్ హేలీ ‘రూట్స్’ని సహవాసి బాగా కుదించి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు. దాన్ని కూడా "కొంచెం సాగదీశారు" అన్న ఘనత ఇతనికే దక్కుతుంది.

అతని మాటల్లో ముఖ్యమైనది ‘శిల్పం’. "వస్తువు బాగుంది కానీ, శిల్పమే సడలింది" అంటే ఎవరూ కాదనరు. ఏ పేజీలో సడలిందని అడిగిన మొరటువాడు ఇంతవరకూ పుట్టలేదు. ఒక్క అచ్చుతప్పుల విషయంలో మాత్రం అతను నిఖార్సయిన మనిషి. ఒత్తు పోయినా, దీర్ఘం జారినా మార్జిన్‌లో దిద్దుతాడు. తప్పు దొరకాలంటే పేజీ చదవక తప్పదు కనుక, అతను నిజంగా చదివిన పేజీలేవో ఆ దిద్దుబాట్లే చెబుతాయి.

పుస్తకాలు నిజంగా పూర్తయ్యేది అతని భార్య చేతిలో. మధ్యాహ్నం పనులయ్యాక ఆవిడ చదువుతుంది, "బాగుంది" అని అరలో పెట్టేస్తుంది. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చదివిన రోజున, వంకాయలు తరుగుతూ "ఇందిర చేసినదాంట్లో తప్పేముందండీ?" అంది. సాయంత్రం సాహిత్య సభలో ఆ వాక్యమే "ఇందిర పాత్ర మన నైతిక చట్రాన్ని ప్రశ్నిస్తోంది" అయి కూర్చుంది. చప్పట్లు కూడా పడ్డాయి. ఇంటికొచ్చి ఆవిడకు ఆ సంగతి చెప్పలేదు, అది వేరే విషయం.

ఇక డిటెక్టివ్ నవల. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి ఉంటుంది, పేరు కనపడకుండా. ఇల్లంతా పడుకున్నాక తీస్తాడు. ధర చూడడు. పేజీలు లెక్కపెట్టడు. అసిస్టెంట్ రాజు ప్రమాదంలో పడ్డచోట దీర్ఘాలన్నీ రాలిపోయినా అతని కంటికి ఆనవు. రెండు గంటలు కొట్టాక చివరి పేజీ తిప్పుతాడు. పొద్దున ఎర్రబడ్డ కళ్ళు చూసి ఏం చదివారని ఎవరైనా అడిగితే "అబ్బే, ఏం లేదు" అంటాడు. ఆ పుస్తకం మీద అభిప్రాయమేమీ చెప్పడు. ఆదివారం అబిడ్స్‌లో మాత్రం పాత పుస్తకాల అతని చెవిలో, యుగంధర్‌వి ఇంకేమైనా వచ్చాయా అని అడుగుతాడు.