నాలుగడుగుల వెలుగు

నన్ను మొక్కల కోసం తయారు చెయ్యలేదు. ఆ మాట ముందే చెప్పెయ్యడం మంచిది. అమెరికాలో నా జాతిని షాప్ లైటు అంటారు. గ్యారేజీలో పనిబల్ల మీదో, మూత తీసిన కారింజను మీదో వెలుతురు పడేలా గొలుసులతో వేలాడదీస్తారు. నాలుగడుగుల రేకు, కింద రెండు లావుపాటి ట్యూబులు, పొట్టలో ఒక బలాస్టు, అంటే మన చోక్. అంతే నేను. బలాస్టు మీద 'పీసీబీలు లేవు' అని చీటీ అంటించి ఉంటుంది. ఆ విష రసాయనాల తయారీని అమెరికా 1979లో నిషేధించింది. నేను ఆ తర్వాత పుట్టినదాన్ని. నా నడవడికి నా దగ్గరున్న సర్టిఫికెట్టు అదొక్కటే.

మా వంశం 1938లో బజారుకొచ్చింది. మరుసటేడు న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో జనం మమ్మల్ని వింతగా చూశారు. గాజు గొట్టంలో కాస్త పాదరసపు ఆవిరి, దానిలోంచి కరెంటు పారితే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు, వాటిని వెలుతురుగా మార్చే తెల్లటి పూత. ఇంతకుమించి చెబితే సైన్సు పాఠమైపోతుంది.

మిన్నెసోటాలోని మినియాపొలిస్ శివార్లలో ఒక ఇంటి గ్యారేజీకి నన్ను తెచ్చారు. ఊరి సంగతి తెలియక వచ్చాను. జనవరిలో అక్కడ సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువకు పోవడం విడ్డూరమేమీ కాదు. నాలాంటి పాత బలాస్టు వాళ్లం పది డిగ్రీల లోపు చలిలో సరిగ్గా వెలగలేం, టపటప కొట్టుకుంటాం. చలికాలమంతా నేను కొట్టుకోవడం, ఇంటాయన నన్ను తిట్టుకోవడం. చివరికి ఇల్లు అమ్మేస్తూ, నన్ను గోడతోపాటే వదిలేసి వెళ్లిపోయాడు.

కొన్నవాళ్లు బాపట్ల వైపు వాళ్లు. మొదటి చలికాలమే నా మీద తీర్పు వచ్చేసింది.

"ఏమండీ, ఈ లైటు పాడైపోయినట్టుంది."

"బేస్‌మెంట్‌లో పడెయ్, తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' ఎంతకాలమో పాత సామాను పక్కన పడి ఉన్నవాళ్లకే తెలుస్తుంది. క్రిస్మస్ చెట్టుకైనా ఏడాదికోసారి పిలుపొస్తుంది. నాకు అదీ లేదు.

మేడ మీద మాత్రం ఇంటావిడ వంటింటి కిటికీలో విత్తనాలు వేసి ఏడిపిస్తోంది, విత్తనాల్ని. డిసెంబరు 21న ఆ ఊళ్లో పగలు తొమ్మిది గంటలైనా ఉండదు. ఉన్న ఆ కాసేపు కూడా సూర్యుడు ఆకాశంలో నడుము లేపడు. అద్దం పక్కన రాత్రిళ్లు మంచు చలి. మొలిచిన తులసి, బంతి వెలుతురు కోసం మెడలు చాచి చాచి, దారప్పోగుల్లా సాగి వాలిపోయాయి. ఆవిడ వాటికి ఎరువు పెట్టింది! ఆకలి వెలుతురుకైతే అన్నం ఎరువా?

నన్ను మళ్లీ పైకప్పుకు తగిలించింది వెలుతురు కోసమే గాని, మొక్కల కోసం కాదు. బేస్‌మెంట్‌లో సూట్‌కేసు వెతుక్కోవడానికి నన్ను పెట్టారు. వాటర్ హీటరు పక్కన వెచ్చగా ఉందేమో, ఒక్క కొట్టుడూ లేకుండా వెలిగాను. "అరే, ఇది బాగానే ఉందే!" అందావిడ. బాగానే ఉన్నానమ్మా, చలేసింది, అంతే. ఆ వారంలోనే మేడమీది ట్రేలు దిగి వచ్చాయి.

దిగాయి గాని, నేనేమో పైకప్పు దగ్గర, అవేమో బల్ల మీద. మనిషికి గదంతా తెల్లగా కనపడితే చాలు, బోలెడు వెలుతురు ఉందనుకుంటాడు. మనిషి కన్ను మహా మోసకారి, ఎంత మసకకైనా సర్దుకుపోతుంది. ఆకు సర్దుకోదు. నాకూ ఆకుకూ మధ్య రెండు మూడు అంగుళాలే ఉండాలి. పాత బుడ్డి బల్బైతే అంత దగ్గర పెడితే ఆకు మాడ్చేది, ఎందుకంటే దానికిచ్చిన కరెంటులో అధికభాగం వేడైపోతుంది. నా ఒళ్లు అంత కాలదు కనుకే నేను మొక్కల నెత్తిన కూర్చోగలను. ఈ సంగతి వాళ్లకు తట్టేసరికి ఒక ట్రే పోయింది. తట్టాక మాత్రం, మొక్క పెరిగే కొద్దీ గొలుసులో ఒక్కో లింకు పైకి లేపడం ఆ ఇంట్లో నిత్యకృత్యమైంది. ఒక ట్యూబు నీలి తెలుపు, ఒకటి పసుపు తెలుపు వేశారు. ఒక టైమరు పెట్టి పదహారు గంటలు వెలిగించి, ఎనిమిది గంటలు ఆర్పేవారు. రాత్రి మొక్కలకూ కావాలి.

ఇక్కడ కాస్త గొప్పలు చెప్పుకుంటాను. బలాస్టు వల్ల నా వీపు గోరువెచ్చగా ఉంటుంది. తులసి గింజ మొలవాలంటే మట్టి ఇరవై డిగ్రీలు దాటాలి, ఆ బేస్‌మెంట్ నేలేమో జిల్లుమంటుంది. పాత తోటమాలుల చిట్కా ఒకటుంది: విత్తిన ట్రేని లైటు వీపు మీద పెట్టడం. అలా తులసిని వీపు మీద మొలిపించి, మొలక కనపడగానే పొట్ట కిందికి దించుకుని పెంచాను. ఇంకే దీపం చేస్తుంది ఆ పని?

పిటూనియా గింజలు మాత్రం నన్ను భయపెట్టేవి. గ్రాముకు దాదాపు పదివేలు తూగుతాయి, తుమ్మితే పోతాయి. వాటిని మట్టిలో కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. పువ్వు పూసే వయసుకు పది పన్నెండు వారాలు పడుతుంది కనుక ఫిబ్రవరి దాటకుండానే విత్తాలి. బంతి అలా కాదు, దక్కినంతలో దక్కించుకునే రకం, మార్చి చివర వేసినా వారం తిరక్కుండా తల ఎత్తుతుంది. గుమ్మానికి తోరణం కట్టే బంతిని ఆవిడ మనూరి పువ్వే అనేది. దాని పుట్టిల్లు మెక్సికో అని, వాళ్లకంటే దానికే ఈ ఖండం దగ్గరి చుట్టమని ఎవరూ ఆవిడకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కొత్తిమీర విషయంలో నిందపడ్డాను. పోపుల డబ్బాలోంచి ధనియాలు తీసి, బద్దలయ్యేలా నలిపి వేశారు. మొలిచింది. కోతకు వచ్చేలోపే కాడ లేచి పూతకొచ్చింది. నిజమే, తప్పు నా పదహారు గంటలదే, పగలు పొడుగైతే కొత్తిమీర ఆగదు. కాని అదే పొడుగు పగటికి గోంగూర పూత మరిచిపోయి ఆకే ఆకు వేసింది. గోంగూరకు పగళ్లు కురచబడితేనే పువ్వు. మిన్నెసోటాలో పగళ్లు కురచబడేసరికి మంచు దాపునే ఉంటుంది, అందుకే ఆ ఇంట్లో గోంగూర కాయ ముదిరి గింజ కట్టినట్టు నేను వినలేదు. ఏటా కొత్త గింజలే.

ఒక శీతాకాలం ఆవిడ అమ్మగారు ఊరినుంచి వచ్చారు. పొద్దున్నే స్నానం చేసి, చెంబుతో బేస్‌మెంట్‌లోకి దిగి, తులసి నారు నెత్తిన నీళ్లు పోసేవారు.

"అలా పొయ్యకమ్మా, అడుగు ట్రేలో పోస్తే అదే పీల్చుకుంటుంది."

"తులసికి పొద్దున్నే నీళ్లు పోయకపోతే ఎలాగే?"

భక్తి గెలిచింది. మూడో రోజుకు నారుకుళ్లు వచ్చింది. కాండం మట్టి దగ్గర నొక్కినట్టు సన్నబడి, నిన్న నిటారుగా ఉన్నవి ఇవాళ పడిపోయి ఉంటాయి. తడి మట్టిలో బూజు చేసే పని అది, నేనెంత వెలిగినా ఆపలేను. తర్వాత చిన్న ఫ్యాను పెట్టారు. ఆకులు కదులుతూ, కాండాలు గట్టిపడుతూ ఉంటే చూడ్డానికి బాగుండేది.

ఇక నా పతనం. నాలాంటి ట్యూబు ఒక్కసారిగా చావదు. చివర్లు నల్లబడతాయి, వెలుతురు మెల్లగా తగ్గుతుంది. నేను తగ్గానని మనుషుల్లో ఒక్కరికీ తెలియలేదు. నారుకు తెలిసింది, మళ్లీ మెడలు చాచడం మొదలెట్టింది. విత్తనాలు మంచివి కావన్నాడు ఆవిడ భర్త. ట్యూబు మారిస్తే సరిపోయేది. కాని 2012లో వచ్చిన కేంద్ర ప్రమాణాలతో నా లావు ట్యూబుల్లో చాలా రకాల తయారీ ఆగిపోయింది. 2026 జనవరి 1 నుంచి మిన్నెసోటా చట్టం మా పొడుగు ట్యూబుల అమ్మకాన్నే నిషేధించింది. పాదరసం ఉంది గనుక చెత్తలోనూ వెయ్యనివ్వరు. కొనకూడదు, పారెయ్యకూడదు. ఇంతటి మర్యాద వెలిగినన్నాళ్లు ఎవరూ చెయ్యలేదు.

నా స్థానంలో ఎల్‌ఈడీ వచ్చింది. సన్నగా ఉంటుంది, మూలగదు, కరెంటు తక్కువ తింటుంది. కాదనను. దాని వీపు మాత్రం చల్లన. కాబట్టి తులసి మొలకెత్తడానికి వేరే హీట్ మ్యాటు కొన్నారు, దానికి మరో ప్లగ్గు, మరో థర్మోస్టాటు. నేను ఉచితంగా చేసిన పనికి బిల్లు చూసి ఆయన "మొక్కల ఖర్చు పెరిగిపోయింది" అన్నాడు.

నన్ను గ్యారేజీ మూలకు ఆనించారు. కౌంటీ వాళ్లు ప్రమాదకర చెత్త తీసుకునే చోటికి శనివారం దింపుతానని ఆయన ప్రతి శనివారం అంటాడు. ఇప్పుడు మే నెల. నారు పగలు బయటి గాలికి అలవాటు పడుతూ, రాత్రి చలికి ఈ గ్యారేజీలోకి వస్తోంది. వానపడే రోజుల్లో పగలంతా ఇక్కడే. బంతి మొక్కలన్నీ కిటికీ వైపు వాలి ఉన్నాయి. రోజుకోసారి ఆ ట్రే తిప్పాలని ఇన్నేళ్లకైనా వీళ్లకు తెలియదేం?