మిషన్ ఆగిందా? ఆ రోజుకు బాగుచేయించకండి

ఈ మాట ఇంట్లో అంటే మతిపోయిందా అని అడుగుతారు. అయినా అంటున్నాను. ఆదివారం పొద్దున దుప్పట్లు, స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు అన్నీ సబ్బునీళ్లలో ఉండగా వాషింగ్ మిషన్ ఆగిపోతే మెకానిక్‌కు ఫోన్ చేయకండి. సోమవారం దాకా దాన్ని అలాగే ఉండనివ్వండి. పక్కింటివాళ్ల మిషన్ అడగొద్దు, తడిబట్టలు మూటగట్టి చెల్లెలింటికి పంపొద్దు.

ముందు ప్లగ్గు తీయండి. చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని తీయండి. నేల మీద నీళ్లు చేరి ఉంటే అందులో కాలు పెట్టకుండా మెయిన్ ఆపేయండి. ఇది మాత్రం అందరూ చెప్పే మాటే, ఇందులో నా పెడవాదం ఏమీ లేదు. వెనక రేకు విప్పే సాహసమూ వద్దు. చాలా మిషన్లలో మోటారుకు కెపాసిటర్ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా అందులో కొంతసేపు కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఆ తర్వాత కాసేపు కూర్చోండి. కంగారులోనే వస్తువులు పాడవుతాయి. ముందు తలుపు మిషన్లలో కరెంటు ఆపిన ఒకటి రెండు నిమిషాలకు సాధారణంగా లాక్ వదులుతుంది. అంతసేపు ఆగలేక గుంజితే పిడి ఊడి చేతికొస్తుంది, లేని ఖర్చు నెత్తిన పడుతుంది. అద్దంలోంచి నీళ్లు కనిపిస్తున్నాయా? అయితే లాక్ వదిలినా తలుపు తీయకండి, ఇల్లంతా వరదే.

ఫోన్ ఎందుకు వద్దంటున్నానంటే, మధ్యలో ఆగిన మిషన్ చాలాసార్లు చెడిపోయి ఉండదు. నీళ్లు రాకపోతే ఆగుతుంది, లోపలి నీళ్లు బయటికి పోకపోతే ఆగుతుంది, బట్టలన్నీ ఒకవైపు ముద్దకడితే ఆగుతుంది. ఆ సంగతి అదే తెరమీద చెబుతుంది కూడా. ఎల్జీ మిషన్ మీద ఐఈ అని పడితే నీళ్లు రావట్లేదని, ఓఈ అని పడితే పోవట్లేదని, యూఈ అని పడితే బరువు ఒకవైపుకు చేరిందని అర్థం. మిగతా కంపెనీలకు వాటి గుర్తులు వాటికున్నాయి. మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఆ పట్టిక ఉంటుంది. మనం దాన్ని గ్యారంటీ కార్డుతోపాటు బీరువాలో దాచి మరిచిపోతాం.

బోరునీళ్ల ఇళ్లలో మొదటి అనుమానం కుళాయి పైపు మీదే. పైపు మిషన్‌కు బిగించేచోట చిన్న జల్లెడలాంటిది ఉంటుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. చాలా ఊళ్లలో బోరునీళ్లు తాగడానికి పనికిరావని వాడుకకు వదిలేస్తాం, మిషన్ తాగేది ఆ నీళ్లే. సున్నం పేరుకుని, ఇసుక ఇరుక్కుని ఆ జల్లెడ మూసుకుపోతుంది. కుళాయి కట్టేసి, పైపు విప్పి, పాత టూత్ బ్రష్షుతో రుద్దితే నీళ్ల ధార మళ్లీ మామూలుగా వస్తుంది.

నీళ్లు పోకపోతే మాత్రం కింద కూర్చోవాల్సిందే. ముందు తలుపు మిషన్లకు అడుగున ఓ మూల చిన్న రేకుతలుపు, దాని వెనక మరమూత ఉంటాయి. సబ్బునీళ్లు వేడిగా ఉంటే చల్లారనివ్వండి. పళ్లెం పెట్టి, పాత తువ్వాలు పరిచి, మూతను కొద్దికొద్దిగా తిప్పండి. ఒక్కసారే తిప్పేస్తే డ్రమ్ములో ఉన్న నీళ్లన్నీ మీ ఒళ్లోకే వస్తాయి. చివర్న ఫిల్టరు బయటికొస్తుంది. దానికి బూడిదరంగు జిగురు, చుట్టుకుపోయిన పొడవాటి వెంట్రుకలు, ఒక పిన్నీసు, చొక్కా గుండీ, తుప్పుపట్టిన రూపాయి బిళ్ల, పిల్లాడి జేబులో కరిగి ముద్దయిన కాగితం. మిషన్‌ను ఆపింది ఇదీ. ఇంట్లో ఎవరి జేబు ఎవరూ చూడట్లేదన్న సాక్ష్యం కూడా ఇదే. కడిగేసి ఊరుకోకండి. ఒక కాగితం మీద పెట్టి అందరికీ చూపించండి.

ముందు తలుపు మిషన్లో చేతి ఉతుకు పౌడరు వేసేవాళ్లూ ఉన్నారు. నురుగు మితిమీరితే పంపు నీటిని లాగలేదు. అక్కడా ఆగిపోతుంది.

ఇవన్నీ శుభ్రం చేసినా మిషన్‌ను మాత్రం సోమవారం దాకా నడపకండి. ఇక అసలు సలహాకు వస్తాను. మిషన్ ఆగిన రోజు తడిబట్టలను బాత్రూంలో దాచకండి. బకెట్లలో వేసి హాల్లో పెట్టండి, టీవీ ముందే పెట్టండి. నేల తడిస్తే తడవనివ్వండి. చూసినవాళ్లు ఇదేం పద్ధతి అంటారు, అననివ్వండి. మామూలు రోజుల్లో ఉతుకు ఎవరి కంటికీ కనిపించదు. మాసినవి బుట్టలో పడతాయి, మడతలై బీరువాలోకి చేరతాయి, మధ్యలో ఏం జరిగిందో దాన్ని చేసే మనిషికి తప్ప తెలియదు. మిషన్ ఆగిన రోజే ఆ పని ఎంతుందో ఇంటిల్లిపాదికీ కంటపడుతుంది. సాయంత్రానికల్లా బాగుచేయించేస్తే ఆ ఒక్క అవకాశమూ పోతుంది.

2019లో జాతీయ గణాంక కార్యాలయం కాలవినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. 97 నిమిషాలు మగవాళ్లందరి సగటు కాదు, ఆ రోజు ఏదో ఒక పనికి చేయి వేసినవాళ్లది. నాకు ఆ అంకెలు చదివాక కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. మిషన్ వచ్చాక ఆడవాళ్లకు ఇంక పనేముంది అనేవాళ్లకు ఆ బకెట్లు చూపించాలి.

కాబట్టి ఆ రోజు ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కోవాలి. నాన్న చొక్కాలు నాన్నే, అబ్బాయి జీన్స్ అబ్బాయే. రంగు దిగేవి సబ్బునీళ్లలో నానుతూ ఉండకూడదు, వాటిని ముందు తీసి జాడించండి. దుప్పటి పిండటానికి ఇద్దరు కావాలి. ఎదురెదురుగా నిలబడి చెరో కొస పట్టుకుని, ఇద్దరూ తమ తమ కుడివైపుకే తిప్పితే అది మెలిపడుతుంది. మొదట నీళ్లు ధారగా కారతాయి, తర్వాత చుక్కలు, ఆఖరికి మెలిక బిగిసి చేతులు తిమ్మిరెక్కుతాయి. పదహారేళ్ల పిల్లాడు వాళ్లమ్మకు ఎదురుగా నిలబడి ఆ కొస పట్టుకోవాలి. అలా పట్టుకున్న పిల్లాడు తర్వాత జేబులు ఖాళీ చేశాకే బట్టలు బుట్టలో వేస్తాడని నా గట్టి నమ్మకం.

ఇంట్లో పసిబిడ్డ ఉన్నా, మంచం పట్టిన పెద్దవాళ్లు ఉన్నా ఈ సలహా మీకు కాదు. మీరు ఆ గంటలోనే ఫోన్ చేయండి.

మిగతావాళ్లు, అప్పటికీ మిషన్ నడవకపోతే సోమవారం మెకానిక్‌ను పిలవండి, ఆ వారంలో కొత్త మిషన్ మాత్రం కొనకండి. తడిబట్టలు ఎదురుగా ఉన్నప్పుడు చేసే బేరం బేరం కాదు. బోర్డు పోయిందని చెబితే ఎలా తేల్చారో అడగండి. భాగం మారిస్తే పాతది మీ చేతికి ఇవ్వమనండి, బిల్లు మీద కొత్తదాని పేరు, ధర, గ్యారంటీ రాయించుకోండి. మిషన్ గ్యారంటీలో ఉన్నా కంపెనీవాళ్లు తిప్పుతూ ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు.