ఓడ వదిలేస్తే దొర, వాయిదా తప్పితే దొంగ

పరాయి దేశపు రేవులో మీకో ఓడ ఉందనుకోండి. ముసలిదైపోయింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. లాక్కొద్దామంటే ఓడ ధర కంటే కూలి ఎక్కువ. అక్కడే ఉంచుదామంటే రోజురోజుకూ రేవు అద్దె. ఏం చేస్తారు? మా ఉదయగిరి రైతునడగండి. ‘అయినకాడికి తెగనమ్ముకుంటాం సామీ’ అంటాడు. వెర్రి మాలోకం! ఓడల యజమానులు అంత అమాయకులా? ఫోను ఎత్తడం మానేస్తారు. అంతే. ఆ క్షణం నుంచి ఓడ వాళ్లది కాదు, ఆ ఊరిది.

నమ్మరా? విశాఖ వెళ్లిరండి. 2020 అక్టోబరు 13. వాయుగుండం. ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక కొట్టుకొచ్చి, తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కి కూర్చుంది. సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. సంతోషం. ఓడను కదిలించాలని చూశారు. అది కదల్లేదు. ఇక లాగడం కంటే వదిలించుకోవడమే చౌక!

సరిగ్గా అప్పుడు దిగింది మన పర్యాటక శాఖ. ఎవరికీ అక్కర్లేని ఇనుము కనబడితే చాలు, మన పాలకులకు ఒకటే కల. హోటలు! ఈ ఓడను రెస్టారెంటు చేసేస్తామన్నారు. సెల్ఫీల కోసం జనం ఎగబడ్డారు. ప్రకటన మీద ప్రకటన వచ్చింది. ఇడ్లీ ఒక్కటి రాలేదు. ఉప్పుగాలికి తుప్పు మాత్రం వేళకు వచ్చింది.

ఈ కల కొత్తదా? 2017 మార్చి 6న ఐఎన్ఎస్ విరాట్ నౌకాదళం నుంచి సెలవు తీసుకుంది. విశాఖకు తెచ్చి మ్యూజియం చేస్తామని అప్పటి ఆంధ్ర సర్కారూ ఉబలాటపడింది. ఖర్చు మాటెత్తగానే ఢిల్లీ వైపు చూసింది. ఢిల్లీ ఆకాశం వైపు చూసింది. చివరికి విరాట్ 2020లో 38.54 కోట్లకు తుక్కు కింద పోయి అలంగ్ తీరంలో ముక్కలైంది. అదే విశాఖలో కుర్సురా జలాంతర్గామి 2002 నుంచీ మ్యూజియంగా నడుస్తోంది కదా? అంటే చేతకాక కాదు. పట్టక.

చట్టం లేదా అంటారా? భేషుగ్గా ఉంది. 2007 నాటి నైరోబీ ఒడంబడిక. 2015 నుంచి అమలు. ఓడ శిథిలాన్ని తీసే ఖర్చు యజమానే భరించాలి. మన దేశమూ అందులో ఉంది. బాగానే ఉంది, ఆ యజమాని ఏడీ? జెండా ఒక దేశానిది. కంపెనీ ఇంకో దేశంలో. డబ్బు మూడో దేశంలో. సమన్లు ఏ గుమ్మానికి అంటిస్తారు?

ఇది నవ్వులాట కాదు. 2013లో ‘రోసస్’ అనే ఓడ 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటుతో బీరూట్ చేరింది. బాకీలు మీదపడ్డాయి. యజమాని చేతులు దులిపేసుకున్నాడు. కెప్టెన్నీ మరికొందరినీ నెలల తరబడి ఓడ దిగనివ్వలేదు. సరుకు గోదాములో చేరింది. ఓడ 2018లో రేవులోనే మునిగింది. 2020 ఆగస్టు 4న గోదాము పేలింది. రెండొందల మందికి పైగా పోయారు. అప్పుడు మనవాళ్లకు హఠాత్తుగా ఏం గుర్తొచ్చిందో తెలుసా? చెన్నైలోనూ అదే సరుకు దాదాపు 700 టన్నులు ఉందని! 2015లో పట్టుకున్నది. హడావుడిగా లారీలకెత్తి హైదరాబాద్ పంపించారు. ఐదేళ్లు ఏం చేస్తున్నట్టు? బీరూట్ కోసం ఎదురుచూస్తున్నట్టు!

ఓడ యజమాని ఇంట్లో హాయిగా నిద్రపోతాడు. మరి ఓడలో ఉన్నవాడు? జీతం లేదు. డీజిల్ లేదు. తాగేందుకు నీళ్లు లేవు. ఓడను దిక్కులేకుండా వదలరాదు కాబట్టి దిగడానికి అనుమతీ లేదు. 2024లో ఇలా నడిసముద్రపు అనాథలైన నావికుల్లో అన్ని దేశాల కంటే మనవాళ్లే ఎక్కువ. వదిలేసినవాడు బయట. కావలి ఉన్నవాడు లోపల.

ఇప్పుడు మా ఆత్మకూరు రండి. విత్తనాల కోసం భార్య మెళ్లో గొలుసు తాకట్టు పెట్టిన రైతు వాయిదా తప్పాడు. ఏమవుతుంది? వేలం నోటీసు. కువైట్‌లో బండి తోలే కుర్రాడు రెండు నెలలు డబ్బు పంపలేకపోయాడు. ఏమవుతుంది? హామీ సంతకం పెట్టిన బావమరిది గుమ్మంలో రికవరీ మనిషి. ఈ కుర్రాడికి కూడా మూడు దేశాల్లో మూడు కంపెనీలు పెట్టుకునే వీలుంటే ఎంత బాగుండేది!

వదిలేయడం ఓడల వాళ్ల సొత్తేం కాదులెండి. మా మెట్టకు నీళ్లిస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన. 2004లో మళ్లీ శంకుస్థాపన. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీలట. 2024 మార్చి 6న జంట సొరంగాలు జాతికి అంకితం. జాతి పుచ్చుకుంది. పొలం దాకా చుక్క చేరలేదు. ఇటు సోమశిల చూడండి. 78 టీఎంసీలు పట్టే జలాశయం పక్కనే పెట్టుకుని వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లు మావి. విశాఖలో ఓడ ఒడ్డెక్కిన మరుసటి నెలలోనే, తాడేపల్లిలో మీట నొక్కి సోమశిల హైలెవల్ కాలువ రెండో దశకు శంకుస్థాపన చేశారు. మీట బాగానే పనిచేసింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మా దగ్గర ఏరు నిండడం అరుదు. ఐదేళ్లకోసారి ఎన్నికలు మాత్రం నిండుగా వస్తాయి. దాటేవాళ్లు దాటుతూనే ఉన్నారు.

అందుకే ఓ మనవి. ఓడ రేవులోకి రాకముందే దాన్ని తీసేసే ఖర్చు డిపాజిట్ కట్టించుకోండి. శిలాఫలకానికి కొబ్బరికాయ కొట్టకముందే మంత్రిగారి బంగారం ఆత్మకూరులో తాకట్టు పెట్టించుకోండి. నీళ్లొచ్చే తేదీ రసీదు మీద రాయించండి. తప్పిందా, వేలం నోటీసు తెలుగులోనే పంపండి. పెద్దక్షరాల్లో.